ఇంకొక్క మలుపే టీచరమ్మా

నాకు అబద్ధమంటే ఒళ్లు మంట. ముప్పై ఏళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను. నా క్లాసులో ఎవడైనా "సుమారుగా" అన్నాడంటే వెనకటికి చాక్‌పీసు ఎగిరెళ్లి వాడి నెత్తిన పడేది. ఇప్పుడు విసరకూడదంట, అందుకని చూపుతోనే కానిస్తున్నాను. ఇంట్లోనూ ఇదే వరస. మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సెప్పుడు వచ్చిద్దయ్యా అని అడిగినోళ్లందరికీ "ఇదిగో, వస్తన్నట్టే" అని చెప్పి బతికిన మనిషి. మా ఇద్దరికీ ఎట్టా కుదిరిందో ఆ ప్రభువుకే తెలియాలి.

అట్టాంటిదాన్ని, పోయిన సంవత్సరం ఒక మనిషి నిజం చెప్పమని నోరు తెరిచి అడిగితే, అతని కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియాలంటే ముందు కొండ సంగతి చెప్పాలి, తర్వాత నా మోకాలి సంగతి చెప్పాలి.

మా పేటకి దగ్గర్లో మెట్ల కొండ ఒకటుంది. పేట అంటే నరసరావుపేట. చిలకలూరిపేటవాళ్లు కూడా వాళ్ల ఊరిని పేటే అంటారు, అది వాళ్లిష్టం. కొండ పైన గుడి, గుడి వెనక జనం ఎగబడి ఫొటోలు దిగే బండ. నేను చర్చికి పోయేదాన్నే అయినా ఏటా తొమ్మిదో తరగతిని ఎక్స్‌కర్షనుకి అక్కడికే తీసుకెళ్లేదాన్ని. కొండ మీది గాలి ఎవరినీ మతం అడగదు, పైగా ఖర్చు తక్కువ. మెట్లు ఆరువందల ముప్పై. ఎవరో చెప్పిన మాట కాదు, మూడుసార్లు లెక్కబెట్టాను.

నాలుగేళ్ల కిందట, నాలుగువందల పన్నెండో మెట్టు మీద ఒక కోతి నా చేతిసంచి పట్టుకుంది. నేను వదల్లేదు. అందులో పిల్లల హాజరు పట్టీ ఉంది. అది లాగింది, నేను లాగాను. నలభై మంది పిల్లలు ఎవరు గెలుస్తారా అని నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు, సగం మంది కోతి వైపే ఉన్నారని నా అనుమానం. చివరికి సంచి నాకే దక్కింది గానీ కుడి మోకాలు మెలిపడి అక్కడే కూలబడ్డాను.

అప్పుడు నన్ను కిందికి దించింది డోలీవాళ్లు. డోలీ అంటే కుర్చీకి అటూ ఇటూ రెండు బొంగులు కట్టి, ముందొకడు వెనకొకడు భుజాన మోసేది. మెట్లదారినే వస్తామని మొక్కుకుని సగంలో చతికిలబడ్డ ముసలోళ్లని, నాబోటి కోతి బాధితుల్ని అందులోనే ఎక్కిస్తారు, దించుతారు. నన్ను మోసిన జతలో ముందు మనిషికి అరవై దగ్గర పడ్డాయి. బక్కపలచటి మనిషి, మాట నిదానం. వెనక మనిషి ఆయన చెల్లెలి మొగుడు, పదేళ్లు చిన్న, నోరు కాస్త దురుసు. తర్వాత పేర్లు తెలిశాయి గానీ నా మనసులో వాళ్లెప్పటికీ ముందు మనిషి, వెనక మనిషే.

నన్ను చూడగానే వెనక మనిషి, "ఎన్ని కేజీలుంటారు టీచరమ్మా?" అన్నాడు.

"తప్పయ్యా, ఆడోళ్లని అడక్కూడదు," అని ముందు మనిషి నన్నొకసారి ఎగాదిగా చూసి, భుజం మీద తుండుగుడ్డని నాలుగు మడతలు పెట్టుకున్నాడు. మామూలుగా అయితే రెండే మడతలంట, అది నాకు తర్వాత తెలిసింది.

దిగుతుంటే ఒక్కో మెట్టుకీ నొప్పి ప్రాణం తీస్తోంది. "ఇంకా ఎన్ని మెట్లయ్యా?" అని అడిగాను.

"వచ్చేసినట్టే టీచరమ్మా. ఇంకొక్క మలుపే."

మలుపు తిరిగాం. అక్కణ్ణించి ఇంకో మలుపు కనపడింది. మళ్లీ అడిగాను. వచ్చేసినట్టే టీచరమ్మా, ఇంకొక్క మలుపే. పదకొండుసార్లు అడిగితే పదకొండుసార్లూ అదే జవాబు. పన్నెండోసారికి నొప్పి మరిచిపోయి కోపం వచ్చింది. "ఏమయ్యా, నేను లెక్కల టీచర్ని. ఇంకా నూట తొంభై మెట్లున్నాయని నాకు తెలుసు. ఎందుకు అబద్ధాలాడతావు?" అన్నాను.

"తెలిస్తే మరి ఎందుకు అడిగారు?" అన్నాడు ముందు మనిషి, వెనక్కి తిరక్కుండానే.

పోయిన సంవత్సరం వానలకి ఆ కొండ మీద బండలు జారి మెట్లదారి మూసేశారు. కార్లు పోయే ఘాటు రోడ్డుకి ఏమీ కాలేదు కాబట్టి గుడికి పోయేవాళ్లకి లోటు లేదు. లోటంతా మెట్ల మీద బతికేవాళ్లకే. ఆరు డోలీలు, అంటే పన్నెండు ఇళ్లు. ఫొటోలవాళ్లు, సోడాలవాళ్లు, చెప్పులకి కాపలా ఉండే ఒక అవ్వ వీళ్లకి అదనం. రెండు నెలలు చూశారు, మెట్లు తెరవలేదు.

మా స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఒకడున్నాడు, నా కొడుకు ఈడు కుర్రాడు, ఫోన్లోంచి తలెత్తడు. ఒకరోజు స్టాఫ్‌రూములో అందరికీ ఒక వీడియో చూపించాడు. ఎక్కడో పెద్ద సిటీలో ఏసీ హాలంట. గోడ నిండా రంగురంగుల గుబ్బలు బిగించి, నడుముకి తాళ్లు కట్టుకుని జనం పైకి పాకుతున్నారు. పర్వతాల దగ్గర టూరిస్టులు రాక పస్తులుంటున్న గైడ్ల కోసం చందాలంట, ఎంత ఎత్తు పాకితే అంత సాయం. "మనం కూడా మన కొండవాళ్ల కోసం చేద్దాం మేడం. స్కూలు గోడకి గుబ్బలు కొడదాం," అన్నాడు.

హెడ్మాస్టరు పేపరు పక్కన పెట్టి, "ఆ గోడకి సున్నం కొడితేనే పెచ్చులూడతన్నాయి. నువ్వు గుబ్బ పట్టుకుని వేలాడితే గోడే కిందికి వచ్చిద్ది," అన్నాడు.

నేను ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు. "గోడలు పాకేది బల్లులూ దొంగలూ. మనం మెట్లెక్కుదాం. ఎత్తుగా ఉన్న బిల్డింగు ఒకటి చూడు, కొండకి ఎన్ని మెట్లున్నాయో అన్ని మెట్లు లోపలే ఎక్కుదాం," అన్నాను. కుర్రాడు ఎగిరి గంతేశాడు. అట్టా నా నోరే నా మెడకి చుట్టుకుంది.

బిల్డింగు దొరికింది. స్టేషను రోడ్డులో కొత్తగా కట్టిన ఫర్నిచర్ షాపు, కింద అంతస్తు కాక మీద మూడంతస్తులూ, ఆ పైన డాబా. లిఫ్టు కోసం గుంత వదిలారు గానీ లిఫ్టు ఇంకా రాలేదు. దాని ఓనరు నా పాత శిష్యుడే. సాయిబుల కుర్రాడు, తొమ్మిదో తరగతి నా దగ్గర రెండేళ్లు చదివాడు, ఎందుకంటే వాడికి ఒక ఏడాది చాల్లేదు. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది, పది మందికి జీతాలిస్తున్నాడు, నన్ను చూస్తే మాత్రం ఇప్పటికీ కుర్చీలోంచి లేచి నిలబడతాడు.

అడగ్గానే ఒప్పుకున్నాడు. శుక్రవారం వాళ్లకి నమాజు, ఆదివారం నాకు చర్చి, అందుకని రెండో శనివారం పెట్టుకున్నాం. అక్కడే కాగితం తీసి లెక్క వేశాను. అంతస్తుకి ఇరవై ఒక్క మెట్లు, కింద నుంచి డాబాకి ఎనభై నాలుగు. ఆరువందల ముప్పైని ఎనభై నాలుగుతో భాగిస్తే ఏడున్నర. శేషం సరిగ్గా సగం, ముచ్చటైన లెక్క. ఏడున్నరసార్లు ఎక్కితే కొండెక్కినట్టు.

డ్రిల్లు మాస్టారి మొహం మాడిపోయింది. "మేడం, శనివారం పూట ఏడున్నరా?" అన్నాడు. ఏలినాటి శని ఏడున్నరేళ్లంట, శనివారం పిలిచి మరీ ఏడున్నర మొదలుపెడితే ఒక్క మనిషి కూడా రాడంట. నాకు శని పట్టింపు లేదు నాయనా అన్నా వినలేదు. ఓనరు కూడా, "నిజమే మేడం, నాక్కూడా సగం మెట్ల మీద ఆపడమంటే బేరానికి మంచిది కాదేమో అనిపిస్తంది," అన్నాడు. మా ఊళ్లో శనీశ్వరుడి విషయంలో అన్ని మతాలవాళ్లూ ఒక్కమాట మీదే ఉంటారు. సరే, ఎనిమిది చేశాం. ఆ అదనపు సగం ఎంత పొడుగో అప్పుడు నాకు తెలియదు.

షరతు కూడా నేనే పెట్టాను. ఎక్కేవాళ్ల పేరు మీద తెలిసినవాళ్లు బియ్యం బస్తాలు ఒప్పుకోవాలి. ఎనిమిదిసార్లూ ఎక్కితేనే బియ్యం, మధ్యలో మానేస్తే గింజ కూడా లేదు.

"మీరు కూడా ఎక్కుతారా మేడం?" అని ఓనరు చానా వినయంగా అడిగాడు.

"ఎందుకెక్కను? జన్మంతా ఎక్కాలు చెప్పినదాన్ని, ఎక్కలేనా?"

"మీరు పూర్తిగా ఎక్కితే నా తరపున పది బస్తాలు మేడం." ఆ మొహంలో గౌరవం ఉంది. గౌరవం వెనక రెండేళ్ల తొమ్మిదో తరగతి కూడా ఉంది.

"కొంచెంలో ఆగిపోతే?"

"మీరే అనేవారుగా మేడం. స్టెప్పులెన్ని వేసినా ఆన్సరు రాకపోతే సున్నా అని."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "నువ్వు కొండెక్కేదేమో గానీ నా దీపం కొండెక్కేట్టుంది," అన్నాడు. డాక్టరైతే నాలుగేళ్లుగా మెట్లన్న మాటే ఎత్తొద్దంటున్నాడు. ఆయనకి చెప్పలేదు. చెప్పకపోవడం అబద్ధం కిందికి రాదు.

గురువారం సాయంత్రం ముందు మనిషి, వెనక మనిషి మా ఇంటికొచ్చారు. కుర్చీలు వేసినా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. కొండ మీద ఎంత దర్జాగా ఉండేవాళ్లో, నా వరండాలో అంత ఒదిగి నిలబడ్డారు. నాకు బాధేసింది, అందుకని కూర్చోమని కసిరాను. కూర్చున్నారు.

వెనక మనిషి సూటిగా విషయానికొచ్చాడు. "సోమవారం నుంచి దాచేపల్లి కాడ సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పనికి రమ్మన్నారు టీచరమ్మా. పిల్లలు తినాలిగా. మీరు పది బస్తాలు తెస్తే అందరూ పంచుకున్నా ఇంకొన్నాళ్లు గడుస్తది. బియ్యం వచ్చి, తొందర్లో మెట్లు తెరుస్తారంటే ఆగుతా. లేదంటే సోమవారం బస్సెక్కుతా. మెట్లెప్పుడు తెరుస్తారో గుడి ఆఫీసులో మాకు చెప్పట్లా. మీరు కనుక్కోండి. మీరైతే ఉన్నదున్నట్టు చెప్తారు."

ముందు మనిషేమో నా గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. వెనక మనిషి మంచినీళ్లకని లోపలికెళ్లినప్పుడు మాత్రం మెల్లగా అన్నాడు. "మెట్లు తెరిచినా వాడు లేకపోతే నాకు పని లేదమ్మా. జత కుదరాలంటే భుజాలు ఒకే ఎత్తుండాలి, అడుగు ఒకేసారి పడాలి. ఇరవై ఏళ్లు పట్టింది మాకు. ఈ వయసులో నేను ఇంకో మనిషిని ఎక్కణ్ణించి తెచ్చుకోను?"

"ఆ మాట అతనికి చెప్పొచ్చుగా?"

"చెప్తే ఆగిపోతాడు. పస్తులుండమని నేనెట్టా చెప్పను?"

శుక్రవారం ఆఫీసుకి పోయి అడిగాను. ఆరు నెలలకి తక్కువ పట్టదన్నారు. ఆ ఆరు నెలల్ని గొంతులో పెట్టుకుని శనివారం పొద్దున షాపుకి పోయాను.

జనం బాగానే వచ్చారు. మా స్కూలు స్టాఫు, బ్యాంకువాళ్లు, షాపులవాళ్లు, ఒకరిద్దరు లాయర్లు. డ్రిల్లు మాస్టారు మెడలో విజిలేసుకుని హడావిడి చేస్తున్నాడు. మొదటగా మా తెలుగు టీచరు మెట్ల దగ్గరికొచ్చి, కొండ దగ్గర అలవాటు కొద్దీ చెప్పులు విడిచి, మొదటి మెట్టుని చేత్తో తాకి కళ్లకద్దుకుంది. వెనకున్నవాళ్లందరూ అదే పని చేశారు. ఫర్నిచర్ షాపు మెట్లకి దణ్ణమేందని ఒక్కరికీ తోచలేదు. కొండ దగ్గర చెప్పులు కాసే అవ్వ ఎవరూ చెప్పకుండానే వచ్చి ఆ చెప్పుల పక్కన కూర్చుంది. ఓనరు నోరు తెరుచుకుని చూసి, మెట్ల మీద పెట్టిన డిస్కౌంటు బోర్డు తీసి పక్కన పెట్టించాడు.

లెక్క రాయడానికి డ్రిల్లు మాస్టారు ముందు మనిషిని డాబా తలుపు దగ్గర కూర్చోబెట్టి పలకా బలపమూ ఇచ్చాడు. మెట్ల లెక్క ఆయనకంటే ఎవరికి తెలుసని వాడి ఉద్దేశం. వెనక మనిషిని కింద నిలబెట్టాడు, ఎవరైనా కళ్లు తిరిగి పడితే పట్టుకోవడానికి. ఆ ఇద్దరూ పనిలో అంత దూరంగా ఉండటం అదే మొదటిసారేమో.

మొదటిసారి హాయిగా ఎక్కాను. ఇరవై ఒకటో ఎక్కం చదువుకుంటూ ఎక్కాను. రెండోసారి కూడా ఫరవాలేదు. పైకి చేరి, "ఎన్నయ్యాయి?" అని ముందు మనిషిని అడిగాను.

"వచ్చేసినట్టే టీచరమ్మా. ఇంకొక్క మలుపే."

ఇంకేముంది. ఆ మాట ఆయన నా ఒక్కదానికే చెప్పట్లేదు. ఎవరు పైకొచ్చి ఎన్నని అడిగినా అదే జవాబు. పలక చూపించమంటే గుండెకి హత్తుకుంటున్నాడు. బ్యాంకు కుర్రాడొకడు మూడోసారికే ఆ మాట నిజమని నమ్మి, అయిపోయిందనుకుని అందరికీ షేక్‌హ్యాండిచ్చి ఇంటికి పోయి స్నానం చేశాడు. డ్రిల్లు మాస్టారు ఇంకొక్కటే అనుకుంటూ పదకొండుసార్లు ఎక్కాడు. ఆ తర్వాత విజిల్ ఊదడానికి వాడి దగ్గర గాలి లేదు.

కింద మాత్రం వ్యవహారం వేరు. మూడోసారి దిగి వచ్చేసరికి వెనక మనిషి, "మూడయినయ్ టీచరమ్మా. ఇంకా అయిదు," అన్నాడు. ఖచ్చితమైన లెక్క. నా జీవితంలో నాకు నచ్చాల్సిన మాట. అయిదు అని వినపడగానే నా మోకాలు ఇంటికి పోదామంది.

నాలుగోసారి రెండో అంతస్తులో ప్లాస్టిక్ కవరు తీయని సోఫా ఒకటి కనపడి కూర్చున్నాను. షాపులో పనిచేసే కుర్రాడొకడు వచ్చి దాని చెక్క టేకని, స్పాంజి గట్టిదని, నెలనెలా కట్టుకోవచ్చని చెప్పడం మొదలెట్టాడు. కూర్చున్నప్పుడు బాగానే ఉంది, లేవబోతే కాలు బిగుసుకుపోయింది. ఎక్కమంటే ఎద్దుకు కోపం, దిగమంటే కుంటివాడికి కోపం అంటారు. ఆ పూట ఎద్దూ నేనే, కుంటీ నేనే.

అయిదోసారి దిగేసరికి, "ఇంకా మూడు," అన్నాడు వెనక మనిషి.

నాకు ఒళ్లు మండింది. "ఏమయ్యా, పైన మీ బావ అట్టా చెప్తన్నాడు, నువ్వేంది ఇట్టా చెప్తన్నావు?"

"నేను ఆ పని మానేస్తన్నాగా టీచరమ్మా. ఇంక అబద్ధాలెందుకు?" అన్నాడు. అతని మాటలో దురుసు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

ఆరోసారి దిగి ఆఖరి మెట్టు మీద కూలబడ్డాను. మోకాలు వాచి చీర మీంచే తెలుస్తోంది. మా ఆయన సోడా పట్టుకొచ్చాడు, తాగలేకపోయాను. డ్రిల్లు మాస్టారితో, "నా వల్ల కాదు నాయనా," అన్నాను. ఆ మాట నేను అనడం వాడు ఎప్పుడూ వినలేదు, బిత్తరపోయాడు. ఓనరు కౌంటరు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. వాడి తప్పు లేదు, సున్నా అంటే సున్నా అని నేర్పింది నేనే. పన్నెండిళ్ల బియ్యం నా పొగరు మీద పెట్టానని అప్పుడు అర్థమై నాకు చానా సిగ్గేసింది.

వెనక మనిషి వైపు చూశాను. "ఎన్నయ్యాయి?" అన్నాను. ఆరయ్యాయని నాకు తెలుసు. రెండున్నాయని కూడా తెలుసు.

అతను నా మోకాలు చూశాడు. తలెత్తి మెట్ల సందులోంచి పైకి చూశాడు. సోమవారం బస్సు గురించే ఆలోచించాడో ఏమో నాకు తెలియదు. తర్వాత భుజం మీద తుండుగుడ్డ సర్దుకుని, కొండ మీద అరిచేట్టు గట్టిగా అన్నాడు.

"వచ్చేసినట్టే టీచరమ్మా. ఇంకొక్క మలుపే."

ఖాళీ మెట్లు కదా, ఆ మాట నాలుగంతస్తులూ తిరిగింది. తర్వాత డాబా మీంచి ముందు మనిషి గొంతు నిదానంగా కిందికి దిగింది. "ఔను టీచరమ్మా. వచ్చేసినట్టే."

నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. రెయిలింగు పట్టుకుని లేచాను.

ఏడోసారి ఎట్టా ఎక్కానో నాకు గుర్తులేదు. ఎనిమిదోసారికి ఓనరు కౌంటరు వదిలేసి నా వెనకే వచ్చాడు. పడితే పట్టుకుందామని వచ్చాడేమో గానీ ఆ మాట అనే ధైర్యం లేక, అంతస్తు అంతస్తుకీ ఎక్కం చదవడం మొదలెట్టాడు. ఇరవయ్యొకటి ఒకట్ల ఇరవయ్యొకటి. ఇరవయ్యొకటి రెళ్లు నలభై రెండు. మూళ్లు దగ్గర తడబడి నా మొహం చూశాడు. "అరవై మూడు," అన్నాను ఊపిరి తీసుకుంటూ. "నాలుగులు ఎనభై నాలుగు మేడం," అన్నాడు డాబా గడప మీద. తొమ్మిదో తరగతిలో రెండేళ్లు చెప్పినా రానిది ఆరోజు వచ్చింది. పది బస్తాలకి అప్పుడే కిందికి ఫోన్ కొట్టాడు.

నేను డాబా మీద చాప మీద పడుకుని, ముందు మనిషి చేతిలో పలక లాక్కున్నాను. అందరి పేర్లకీ గీతలున్నాయి. బ్యాంకు కుర్రాడికి మూడు, డ్రిల్లు మాస్టారికి పదకొండు, నాకు ఎనిమిది. ఒక్క గీత తప్పు లేదు.

"లెక్క ఇంత సరిగ్గా తెలిసీ చెప్పలేదేమయ్యా?"

"మోసేవోడికి తెలియాలమ్మా లెక్క. ఎక్కేవోడికి చెప్తే కాళ్లు ఆగిపోతాయి," అన్నాడు. తర్వాత నవ్వాడు. "మీకు కింద వాడు చెప్పాడుగా. ఆగిపోలా?"

మధ్యాహ్నానికి బస్తాలు వచ్చాయి. సందు ఇరుకని ఆటో షాపు దాకా రాలేదు, వీధి చివర ఆగింది. పన్నెండు మంది డోలీవాళ్లూ వచ్చారు. బస్తాలు నెత్తిన పెట్టుకుని పోవచ్చు గానీ, వాళ్లు కుర్చీల్లో కూర్చోబెట్టి బొంగులు భుజానేసుకున్నారు. రెండు నెలలుగా ఖాళీగా ఉన్న కుర్చీలు. రెండు బస్తాలు ఒకదాని మీద ఒకటి పెట్టి తాడు కడుతూ వెనక మనిషి, "టీచరమ్మకంటే తేలికే. పైగా మాట్లాడవు," అన్నాడు. నాకు తిట్టే ఓపిక లేదు.

నేను షాపు ముందు కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాను. ముందు మనిషి బొంగుల మధ్యలోకి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. వెనక మనిషి మాత్రం బొంగులు అందుకోకుండా నా దగ్గరికొచ్చి కిందికి వంగాడు.

"ఆఫీసులో అడిగారంటగా టీచరమ్మా. మీరు ఉన్నదున్నట్టు చెప్తారు. మెట్లు తెరవడానికి ఇంకా ఎన్నాళ్లు?"

ఆరు నెలలు నాలిక చివరి దాకా వచ్చింది. అతని వెనక ముందు మనిషి వీపు కనపడుతోంది. ఆ వీపు ఒక్క పిసరు కూడా కదలట్లేదు. మాట వినపడేంత దగ్గర్లోనే ఉన్నాడు.

"వచ్చేసినట్టే," అన్నాను.

వెనక మనిషి నా మొహంలోకి చూశాడు. ఇరవై ఏళ్లు ఆ మాట చెప్పి మనుషుల్ని కొండెక్కించినవాడు. అతని దగ్గరా నా నటన. నవ్వాడు. "అంటే చానా ఉందన్నమాట," అన్నాడు మెల్లగా.

"చానా ఉందయ్యా," ఒప్పుకున్నాను. "తెలిస్తే మరి ఎందుకు అడిగావు?"

"అందరికీ మేమే చెప్తాం టీచరమ్మా," అన్నాడు. "మాకెవరూ చెప్పలా."

వెళ్లి బొంగుల మధ్య నిలబడి తుండుగుడ్డ భుజాన మడతేసుకున్నాడు. ముందు మనిషి వెనక్కి తిరక్కుండా, "ఎన్నాళ్లంట?" అని అడిగాడు.

"వచ్చేసినట్టేనంట బావా. ఇంకొక్క మలుపేనంట. ఎత్తు."

ఇద్దరూ ఒకేసారి లేచారు. ఎడమ కాళ్లు రెండూ ఒకేసారి పడ్డాయి.